నాన్నగారి క్యాసెట్ల పెట్టె: 1964కూ 1984కూ మధ్య రాక్ సంగీతం ఇంతగా ఎందుకు మారింది?

మూడులాంతర్లు
విజయనగరంలో మా పాత ఇంటికి సున్నం వేయిస్తూ అటక మీది రేకు పెట్టె దింపితే, నాన్నగారి ఇంగ్లీషు పాటల క్యాసెట్లు ఇరవై ఆరు బయటపడ్డాయి. ఆయన విశాఖలో ఉద్యోగం చేసిన రోజుల్లో రికార్డింగు షాపువాళ్లకు చీటీ రాసిచ్చి చేయించుకున్నవి అవి. అట్ట మీద ప్రతి పాటకూ ఎదురుగా నీలం సిరాతో సంవత్సరం, దాని పక్కన మరేదో అంకె వేసి ఉన్నాయి. పాటలు కాలక్రమంలో లేవు. 1977 తరువాత 1965, దాని వెనుక 1983 వస్తాయి. వారం రోజులుగా ఇదే వరుసలో వింటున్నాను, వినేకొద్దీ తికమక పెరుగుతోంది.

1963 నాటి బీటిల్స్ పాటనూ 1967 నాటి బీటిల్స్ పాటనూ ఆ నలుగురే పాడారంటే నాకు నమ్మకం కుదరడం లేదు. నాన్నగారు అట్టలు తారుమారు చేశారేమోనని కూడా అనుమానించాను. 1984 దగ్గరకు వచ్చేసరికి గిటారు ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తోంది. ఘంటసాల గారి 1953 నాటి పాటనూ 1973 నాటి పాటనూ పక్కపక్కన పెట్టి విన్నా గొంతు ముదిరిందని తెలుస్తుందే గాని, ఇద్దరు మనుషులని ఎవరూ అనుకోరు. ఇరవై ఏళ్లలో ఒక సంగీతం ఇన్ని వేషాలు కట్టడానికి కారణం ఏమిటో తెలిసినవారు చెప్పగలరా?

ఏడురోడ్లకూడలి
అన్నేళ్లు అటక మీద ఎండకు మాగిన టేపులో బీటిల్స్ అనేమిటి, ఎవరు పాడినా వేరే మనిషిలాగే వినిపిస్తారు. ముందు ప్లేయరులో రబ్బరు బెల్టు సాగిందేమో చూసుకోండి.

మూడులాంతర్లు
బెల్టు మార్పించాకే మొదలుపెట్టాను. ఒక క్యాసెట్టు మాత్రం టేపంతా నమిలి ఉమ్మేసింది, దాన్ని పెన్సిలుతో చుట్టి మళ్లీ లోపలికి పంపడానికి ఒక సాయంత్రం పట్టింది. సందేహం టేపు గురించి కాదు, పాటల గురించే.

గంటస్తంభం_పంతులు
అట్టలు తారుమారు కాలేదు. మీ నాన్నగారు రాసిన సంవత్సరాలు సరైనవే అయి ఉంటాయి.

బీటిల్స్ మొదటి ఆల్బంలోని పధ్నాలుగు పాటల్లో పదింటిని 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులో రికార్డు చేశారు. వేదిక మీద ఎలా వాయించేవారో స్టూడియోలోనూ అలాగే వాయించి లేచారు. తరువాత వారికి పేరు పెరిగిన కొద్దీ వేదికే వారికి శత్రువైంది. 1965 ఆగస్టులో న్యూయార్కులోని స్టేడియంలో దాదాపు 55 వేల మంది ఎదుట వాయించినప్పుడు, 100 వాట్ల ఆంప్లిఫయర్లు పెట్టుకున్నా జనం కేకల్లో తమ వాయిద్యం తమకే వినిపించలేదు. మరో ఏడాది తిరిగేసరికి, అంటే 1966 ఆగస్టు చివరికి, టిక్కెట్టు కచేరీలకు స్వస్తి చెప్పారు. వేదిక మీద వాయించే పని లేకపోయాక, వేదిక మీద వాయించగలిగే పాటే కట్టాలన్న నియమమూ లేకుండా పోయింది. ఆ ఏడాది చివర మొదలుపెట్టి, 1967లో విడుదలైన ఆల్బం కోసం దాదాపు అయిదు నెలలు స్టూడియోలోనే గడిపారు. వారికి ఉన్నది నాలుగు దారుల, అంటే నాలుగు ధ్వనులను విడివిడిగా పక్కపక్కన ఎక్కించగల, టేపు యంత్రమే. నాలుగూ నిండాక వాటిని కలిపి మరో యంత్రం మీద ఒక దారిలోకి ఎక్కించి, ఖాళీ అయిన చోట మళ్లీ కొత్త వాయిద్యాలు చేర్చేవారు. టేపును వెనక్కి తిప్పి వినిపించడం 1966లోనే మొదలైంది.

అంటే అంతవరకు టేపు కచేరీకి ఫొటో తీసిపెట్టింది, ఆ తరువాత వారు అదే టేపు మీద బొమ్మ గీయడం మొదలుపెట్టారు. మీరు విన్న తేడా అదే. శైలి మారిందనడం కంటే పనిముట్టు మారిందనడమే సబబని నా అభిప్రాయం.

పలాస_జీడిపప్పు
పంతులు గారి మాటలో సగంతోనే ఏకీభవిస్తాను. పనిముట్టు చేతికి వచ్చినంత మాత్రాన శైలి పుట్టదు. చికాగోలో మడ్డీ వాటర్స్ వంటి నల్లజాతి గాయకులు 1940ల చివరికే కరెంటు గిటారుతో బ్లూస్ వాయిస్తున్నారు. రోలింగ్ స్టోన్స్ అనే ఇంగ్లండు బృందం పేరే మడ్డీ వాటర్స్ 1950 నాటి పాట నుంచి తీసుకున్నది. ఎల్విస్ ప్రెస్లీ 1956లో పాడి దేశాన్ని ఊపేసిన "హౌండ్ డాగ్" పాటను బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని అంతకు నాలుగేళ్ల ముందే రికార్డు చేసింది. ఆ రికార్డులు ఓడల మీద ఇంగ్లండు చేరితే, లివర్‌పూల్, లండన్ కుర్రాళ్లు వాటిని అరిగేదాకా విని, అనుకరించారు. వారిలో లివర్‌పూల్ బీటిల్స్ 1964 ఫిబ్రవరి 9న అమెరికా టీవీలో వాయించి చూపించారు. ఆ రాత్రి 7 కోట్ల 30 లక్షల మంది చూశారని అంచనా. తమ ఊళ్లో పుట్టిన సరుకునే విదేశీ సరుకనుకుని అమెరికావాళ్లు కేరింతలు కొట్టారు. మా పలాస జీడిపప్పు పెద్ద నగరానికి వెళ్లి, అందమైన డబ్బాలో కూర్చుని, రెట్టింపు ధరతో మా ఊరి దుకాణానికే తిరిగి రావడం నేను కళ్లారా చూశాను గనుక ఈ కథ నాకు కొత్తగా అనిపించదు.

శైలిని మార్చింది యంత్రం కాదని, చేతులు మారడమే మార్చిందని నేనంటాను.

ఏడురోడ్లకూడలి
ఏ చర్చనైనా పలాస వారు మూడో జవాబుకల్లా జీడిపప్పు దగ్గరకు చేరుస్తారని నేను ముందే పందెం కాసి ఉండవలసింది.

బొబ్బిలి_తంత్రి
మీ ఇద్దరి వాదనకూ అందని సంగతి ఒకటుంది. అది ధ్వని.

నేను గొల్లపల్లిలో వీణలు చేసే ఇళ్ల మధ్య పెరిగాను. ఒకే పనస దుంగను తొలిచి వీణను చెక్కాక, మెట్లు బిగించే రోజున పనివాడు చెవిని దండికి ఆనించి ఒక్కొక్క మెట్టూ మీటి చూస్తాడు. ఎక్కడైనా తంత్రి బరబరమంటే ఆ మెట్టు కింది మైనాన్ని కరిగించి మళ్లీ కూర్చోబెడతాడు. నాదశుద్ధి కోసం ఇంత తపించే మనమే, తంబురాకు వచ్చేసరికి తంత్రులను మోసే గుర్రం (బ్రిడ్జి) మీద తంత్రి కింద దారప్పోగు జొనిపి ఆ రుంయ్యిమనే మోతను కోరి తెప్పించుకుంటాం. కాబట్టి మోత అంటే దోషమేనని మన సంగీతం కూడా అనలేదు.

రాక్‌లో ఆ దారప్పోగు పని చేసింది చెడగొట్టిన స్పీకరు. 1964లో కింక్స్ బృందపు గిటారిస్టు డేవ్ డేవీస్, తన చిన్న ఆంప్లిఫయరు స్పీకరు కాగితాన్ని బ్లేడుతో చీల్చి, దాని గరగర ధ్వనితోనే పాట వాయించాడు. మరుసటి ఏడాది రోలింగ్ స్టోన్స్ అదే గరగరను కాలితో నొక్కే చిన్న పెట్టెతో తెప్పించారు. 1967 నుంచి జిమి హెండ్రిక్స్ ఆ మోతను గమకంలా వంచడం, సాగదీయడం, ఏడిపించడం చేసి చూపించాడు. కుడిచేతివారి గిటారును తిరగేసి ఎడమచేత్తో వాయించిన మనిషి ఆయన, 1970లో 27 ఏళ్లకే పోయాడు.

ఇక హెవీ మెటల్ పుట్టుక చూడండి. బర్మింగ్‌హామ్‌లో రేకుల కర్మాగారంలో పనిచేసే టోనీ అయోమీ అనే కుర్రాడికి 17 ఏళ్ల వయసులో, ఇక మానేస్తానన్న ఆఖరి రోజునే, యంత్రంలో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం వాడు గనుక తంత్రులు నొక్కవలసింది ఆ వేళ్లతోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేలితొడుగులు చేసుకున్నాడు, సన్నని తంత్రులు బిగించుకున్నాడు, 1971 నాటి మూడో ఆల్బంలో శ్రుతిని మూడు అరస్వరాలు కిందికి దించాడు. తంత్రి వదులైతే తెగిన వేలికి నొప్పి తగ్గుతుంది, శ్రుతి దిగితే పాటకు బరువు పెరుగుతుంది. ఆయన బృందం బ్లాక్ సబాత్. ఆ బరువు ధ్వని మీదే తరువాత వచ్చిన ఒక శైలి మొత్తం నిలబడింది.

దీన్ని పంతులు గారి ఖాతాలో వేయాలా, పలాస వారి ఖాతాలో వేయాలా?

గంటస్తంభం_పంతులు
రేకులు కోసేది కూడా యంత్రమే గనుక నా ఖాతాలోనే వేయండి.

పలాస_జీడిపప్పు
వేళ్లు మనిషివి, పంతులు గారూ.

డేఅండ్‌నైట్
పాట నిడివి గురించి ఎవరూ మాట్లాడకపోవడం ఆశ్చర్యంగా ఉంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులో ఒకవైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. 1949లో వచ్చిన 45 చుట్ల చిన్న రికార్డు కూడా ఆ అలవాటునే కొనసాగించింది. 1948లోనే వచ్చిన ఎల్పీ అనే పెద్ద రికార్డులో ఒకవైపు ఇరవై నిమిషాలకు పైగా చోటున్నా, చాలాకాలం దాన్ని మూడు నిమిషాల పాటలను మూట కట్టే సంచీలాగే వాడుకున్నారు. ఆ చోటును నిజంగా వాడుకోవడం 1960ల చివర మొదలైంది. పింక్ ఫ్లాయిడ్ 1973 ఆల్బంలో పాట ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలవుతుందో పట్టుకోవడం కష్టం. చిన్న రికార్డుకు ఉన్న మూడు నిమిషాల గోడను మాత్రం 1975లో క్వీన్ బృందమే కూల్చింది. "బొహీమియన్ రాప్సడీ" నిడివి 5 నిమిషాల 55 సెకన్లు, రేడియోవాళ్లు వేయరని అందరూ భయపెట్టినా బ్రిటన్‌లో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. దాన్ని కట్టిన ఫ్రెడ్డీ మెర్క్యురీ పార్సీ కుటుంబంలో పుట్టి, మన పంచగని బడిలో చదువుకున్నవాడు.

పలాస_జీడిపప్పు
గోడ కూల్చింది క్వీన్ కాదు. అమెరికా గాయకుడు బాబ్ డిలన్ 1965 జులైలో విడుదల చేసిన "లైక్ ఎ రోలింగ్ స్టోన్" ఆరు నిమిషాలు దాటుతుంది. రేడియోలకు పంపిన ప్రతుల్లో కంపెనీవాళ్లు దాన్ని రెండు ముక్కలు చేసి రికార్డుకు చెరోవైపు పెట్టారు, వినేవాళ్లు పూర్తి పాట కావాలని పట్టుబట్టారు. విడుదలైన అయిదో రోజున, జులై 25న, న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో ఆయన కరెంటు గిటారు పట్టుకుని ఎక్కితే సభలో కొందరు ఛీ కొట్టారు. పాట పొడుగు పెరగడం వెనుక రికార్డు సైజు కాదు, చెప్పవలసిన మాటలు పెరగడమే ఉందని నేను మళ్లీ అంటున్నాను.

డేఅండ్‌నైట్
పదేళ్లు వెనక్కి జరగవలసిందే, ఒప్పుకుంటున్నాను.

నాగావళి_గట్టు
అందరూ గిటారు చుట్టూనే తిరుగుతున్నారు. 1970ల మధ్యలో డిస్కో వచ్చినప్పుడు పెత్తనం గిటారు చేతిలో నుంచి డోలుకు పోయింది, దాన్ని దాటేసి మూడులాంతర్లు గారి ప్రశ్నకు జవాబు చెప్పలేం.

మా తాత తప్పెటగుళ్ళ బృందంలో ఆడేవాడు. రేకు తప్పెటను ఛాతీకి కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, గజ్జెల కాలితో నేలను తన్నుతూ ఇరవై మంది ఒకేసారి గెంతితే చూస్తున్నవాడి కాలు దానంతటదే కదులుతుంది. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు బీ జీస్ అనే బృందం డిస్కో పాట వేస్తే ఆయన చుట్ట పక్కన పెట్టి, "ఏటిరా, ఈడు మాత్రకో దెబ్బేసి ఊరుకుంతాడు, మజ్జిలో ఏటీ అల్లడా?" అన్నాడు. డిస్కో రహస్యాన్ని అంత సూటిగా చెప్పినవారిని నేను మళ్లీ చూడలేదు. నాలుగు మాత్రలకూ నాలుగు పెద్ద డోలు దెబ్బలు, నిమిషానికి 120 లెక్కన, పాట చివరిదాకా ఆగకుండా పడతాయి. ఆట ఆగకూడదు గనుక పాట ఆగకూడదు. అందుకే 12 అంగుళాల రికార్డు మీద ఒక్క పాటనే ఆరేడు నిమిషాలకు సాగదీసి అచ్చు వేశారు. గాడి వెడల్పు కావడంతో డోలు మోత కూడా గట్టిగా వచ్చింది.

ఇక్కడ పంతులు గారికీ పలాస వారికీ ఇద్దరికీ నచ్చని మాట ఒకటి చెప్పాలి. 1979 జులై 12న చికాగో బేస్‌బాల్ మైదానంలో, రెండు ఆటల మధ్య విరామంలో, ఒక రేడియో వ్యాఖ్యాత పెట్టెడు డిస్కో రికార్డులను పేల్చివేశాడు. జనం మైదానంలోకి దూకి గడ్డి పీకేశారు, రెండో ఆట జరగనే లేదు. న్యూయార్కు క్లబ్బుల్లో నల్లజాతివారు, లాటిన్ అమెరికావారు, స్వలింగ సంపర్కులు పెంచిన సంగీతం అది. రాక్ అభిమానులు కాల్చింది డోలు దెబ్బను మాత్రమేనా అన్న అనుమానం అప్పుడే చాలామందికి వచ్చింది. తమాషా ఏమిటంటే, ఆ చికాగోలోనే మరో నాలుగైదేళ్లకు అదే నాలుగు దెబ్బల మీద హౌస్ సంగీతం పుట్టింది.

పాతబస్టాండు
నాకు డిస్కో ఎన్నడూ నచ్చలేదు, పింక్ ఫ్లాయిడ్ కూడా నచ్చలేదు. ఈ రెంటి మీదా విసుగెత్తి పుట్టిన పంక్ ఒక్కటే నిజాయితీగల సంగీతం. రమోన్స్ అనే పంక్ బృందం 1976 ఆల్బంలో పధ్నాలుగు పాటలు 29 నిమిషాల్లో అయిపోతాయి. మూడు స్వరసంపుటాలు (కార్డ్‌లు) వస్తే చాలు, వీణ మీద సరళీ వరుసలు పూర్తికాకముందే ఆల్బం విడుదల చేయవచ్చు. కొత్త యంత్రం ఏదీ లేకుండానే శైలి మారింది గదా, దీనికి పంతులు గారు ఏమంటారు?

గంటస్తంభం_పంతులు
దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. విసుగును కూడా యంత్రాల జాబితాలో చేర్చుకుంటే తప్ప.

బొబ్బిలి_తంత్రి
సరళీ వరుసల మీద చెయ్యి వేయకండి, పాతబస్టాండు గారూ.

ఏడురోడ్లకూడలి
నేను ఇంతసేపూ వేళాకోళం ఆడుతున్నాను గాని నాకూ ఒక బాధ ఉంది. శ్రీకాకుళంలో హాస్టల్లో ఉన్నప్పుడు నెల ఖర్చులో మిగిల్చి ఒక షాపులో 60 నిమిషాల క్యాసెట్టు నింపించాను. ఆ షాపువాడు నేనిచ్చిన వరుసను పట్టించుకోకుండా, టేపు ఎక్కడ అయిపోతే అక్కడ పాట తెంపేశాడు. హెండ్రిక్స్ గిటారు సరిగ్గా పైకి ఎక్కుతుండగా టక్కుమని ఆగుతుంది. అన్నేళ్లు ఆ పాట అక్కడే ముగుస్తుందని అనుకున్నాను. మొన్నీమధ్య పూర్తిగా వింటే మిగతాది నాకు అనవసరంగా అతికించినట్టు అనిపించింది.

డేఅండ్‌నైట్
మూడులాంతర్లు గారి 1984 ప్రశ్న అలాగే ఉండిపోయింది. కరెంటుతో స్వరాలు పుట్టించే సింథసైజరు, మినీమూగ్ అనేది, 1970లోనే వచ్చింది గాని దాని మీద ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. 1983లో వచ్చిన యమహా డీఎక్స్ 7 కీబోర్డు మీద ఒకేసారి పదహారు పలుకుతాయి. అదే ఏడాది మిడి అనే పద్ధతి రావడంతో ఒక కంపెనీ కీబోర్డు మరో కంపెనీ డోలు యంత్రంతో మాట్లాడగలిగింది. నలుగురు కుర్రాళ్లు, ఒక షెడ్డు, నాలుగు ఆంప్లిఫయర్లు ఉండాలన్న అవసరం తీరిపోయింది. 1981 ఆగస్టు 1న పాటల వీడియోలు వేసే ఎమ్‌టీవీ ఛానెల్ మొదలయ్యాక పాటకు ముఖం కూడా కావలసి వచ్చింది. గిటారు పోలేదు, పక్కకు జరిగింది. మైకేల్ జాక్సన్ 1982 ఆల్బంలో ఒక పాటకు ఎడ్డీ వాన్ హేలెన్ వంటి రాక్ గిటారిస్టును పిలిపించి కాసేపు వాయించమని పంపేశారంటే, పదేళ్ల కిందట పెళ్లికొడుకుగా ఉన్న వాయిద్యం అతిథిగా మారిందన్నమాట.

పలాస_జీడిపప్పు
అదే కాలంలో యంత్రాన్ని తయారుచేసినవాడు కలలో కూడా అనుకోని పని చేసిన మనుషులను మరచిపోవద్దు. 1973 ఆగస్టు 11న న్యూయార్కు బ్రాంక్స్‌లో, జమైకాలో పుట్టిన కూల్ హెర్క్ తన చెల్లెలు పెట్టిన విందులో పాటలు వేశాడు. రెండు గ్రామఫోన్ల మీద ఒకే రికార్డు రెండు ప్రతులు పెట్టి, అందరూ ఆడే ఆ కొద్ది సెకన్ల డోలు ముక్కను ఒకదాని తరువాత ఒకటి మార్చి వేస్తూ నిమిషాల తరబడి నడిపే పద్ధతి ఆయనదే. హిప్ హాప్‌కు మొదలు అదేనంటారు. గ్రామఫోను పాతదే. దాన్ని వాయిద్యం చేసింది చెయ్యి.

మూడులాంతర్లు
ఇన్ని జవాబులు చదివాక రాత్రి మళ్లీ పెట్టె ముందు కూర్చున్నాను. డేఅండ్‌నైట్ గారు 5 నిమిషాల 55 సెకన్లు అన్నప్పుడే నాకు తట్టింది. క్వీన్ పాట ఎదురుగా నాన్నగారు 5-55 అని రాశారు. ఆ రెండో అంకెను నేను షాపువాడి చీటీ నంబరు అనుకున్నాను, అది నిడివి. ప్రతి అట్ట లోపలి వైపు పెన్సిలుతో కూడికలు ఉన్నాయి. 90 నిమిషాల క్యాసెట్టులో ఒకవైపు పట్టేది 45 నిమిషాలు గనుక, 44-40, 44-52, ఒకచోట సరిగ్గా 45-00 వచ్చేలా పాటలను అమర్చారు. 1977 పక్కన 1965, దాని పక్కన 1983 రావడానికి కారణం ఇదే. ఏడురోడ్లకూడలి గారికి జరిగినట్టు షాపువాడు పాట తెంపకుండా ఉండాలని ఆయన చరిత్రను తలకిందులు చేశారు. డిలన్ పాటను ఒక అట్ట మీద చివర రాసి, పట్టదని కొట్టేసి, మరో క్యాసెట్టుకు మొదటి పాటగా మార్చారు.

గంటస్తంభం_పంతులు
చూశారా, మీ ఇంట్లో కూడా వరుసను నిర్ణయించింది టేపే.

పలాస_జీడిపప్పు
కూడిక వేసింది మీ నాన్నగారు, టేపు కాదు.

మూడులాంతర్లు
మీ ఇద్దరికీ చెరో ముక్క ఇచ్చే క్యాసెట్టు ఒకటుంది. రెండో వైపున ఒక్కటే పాట, 1974 నాటి జర్మన్ బృందం క్రాఫ్ట్‌వెర్క్‌ది, కార్ల రహదారి మీద ప్రయాణం గురించినది. ఎదురుగా 22-43 అని ఉంది. దాని కింద కూడిక లేదు. మిగిలిన ఇరవై రెండు నిమిషాల చోటులో మరో ఆరు పాటలు సులువుగా పట్టేవి. అక్కడ ఆయన "ఖాళీ. ఉండనీ" అని రాసి ఊరుకున్నారు. నిన్న రాత్రి ఆ ఖాళీని కూడా చివరిదాకా విన్నాను.

ఏడురోడ్లకూడలి
బెల్టు బాగుందన్నమాట.